ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కి మందుల చార్టే గీటురాయి

ఇన్‌పేషెంట్ వార్డులో రోజూ వినపడే ఆర్డరు ఒకటి తీసుకుందాం. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ 1 గ్రాము, ఐవీ (నరంలోకి), 12 గంటలకోసారి, 5 రోజులు. పెద్ద డాక్టరుగారు పొద్దున రౌండ్స్‌లో నోటిమాటగా చెబుతారు. డ్యూటీ డాక్టరు కేస్ షీటులో రాస్తారు. సిస్టర్ దాన్ని మందుల చార్టులోకి ఎక్కించి, ఫార్మసీకి ఇండెంట్ రాస్తుంది. 10 వయల్స్ వార్డుకి వస్తాయి, అవే 10 బిల్లులో పడతాయి. ఉదయం 10కి ఒక డోసు, రాత్రి 10కి ఒక డోసు. ఇచ్చిన ప్రతిసారీ చార్టులో టైము, సంతకం. మూడో రోజు రాత్రి డోసు అయ్యాక, క్రిమి ఏ మందుకి లొంగుతుందో చెప్పే కల్చర్ రిపోర్టు వస్తుంది, మందు మార్చమంటారు. పాతది ఆగాలి, కొత్తది మొదలవ్వాలి, మిగిలిన 4 వయల్స్ ఫార్మసీకి వెనక్కి వెళ్లాలి, బిల్లులో అంత తగ్గాలి.

ఏ ఆసుపత్రికి ఏ సిస్టమ్ తీసుకోవాలన్నా ముందు ఈ ఒక్క వరసని మొదటినుంచి చివరిదాకా చేసి చూపించమని అడగాలి. నా వాదనంతా ఇదే. రిజిస్ట్రేషన్ స్క్రీన్లు, రంగురంగుల గ్రాఫులు, మేనేజ్‌మెంటుకి ఫోన్లో కనపడే రోజువారీ వసూళ్లు, ఇవన్నీ ప్రతి కంపెనీ బాగానే చూపిస్తుంది. మందుల చార్టు దగ్గరకొచ్చేసరికి అసలు తేడాలు బయటపడతాయి. పైగా ఆ చార్టులో పొరపాటు జరిగితే దెబ్బ తగిలేది మంచం మీదున్న మనిషికి.

బిల్లు కడుపున పుట్టిన ఈఎంఆర్

గుంటూరు, వరంగల్, రాజమండ్రి, కరీంనగర్ లాంటి ఊళ్లలో 50 నుంచి 200 పడకల ఆసుపత్రి కంప్యూటర్లోకి మొదట అడుగుపెట్టేది ఎక్కువగా బిల్లింగ్ కౌంటర్ దగ్గరే. అందులో తప్పేం లేదు, డబ్బు లెక్క తేలకపోతే ఆసుపత్రి నడవదు. ఆ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కే తర్వాత ఫార్మసీ స్టాకు, ఆపైన ల్యాబు, అన్నిటికన్నా చివర ఈఎంఆర్ (రోగి వైద్య రికార్డు) మాడ్యూల్ అతుకుతారు. చిక్కు వచ్చేది అక్కడే. అలా పెరిగిన సిస్టమ్‌కి మందు అంటే బిల్లులో ఒక లైను. 10 వయల్స్ వెళ్లాయి, ఇంత రేటు. ఆ పదిలో రోగి ఒంట్లోకి వెళ్లినవి ఎన్ని, ఏ టైముకి వెళ్లాయి, ఎవరిచ్చారు, ఐవీ లైను పోయి రెండో రోజు డోసు గంటన్నర ఆలస్యమైందా, ఇవేవీ దానికి తెలియవు. తెలిస్తే రాసుకునే చోటు కూడా దాని డేటాబేస్‌లో లేదు. మందు ఆపడం అనే మాట దానికి ఫార్మసీ రిటర్న్‌గానే అర్థమవుతుంది. వయల్స్ వెనక్కి వెళ్లేదాకా ఆర్డరు బతికే ఉంటుంది. నైట్ డ్యూటీకొచ్చిన సిస్టర్‌కి స్క్రీన్ మీద పాత మందు, కొత్త మందు రెండూ నడుస్తున్నట్టే కనపడతాయి.

డాక్టరు రాయడం, ఫార్మసీ ఇవ్వడం, నర్సు వేయడం మూడు వేర్వేరు పనులు. మూడింటికీ విడివిడి రికార్డు ఉండి తీరాలి. ఆరోగ్య సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి ఇవాళ అందరూ వాడుతున్న ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణంలో, అందరూ ‘ఫైర్’ అని పిలిచేదానిలో, వీటికి మెడికేషన్ రిక్వెస్ట్, మెడికేషన్ డిస్పెన్స్, మెడికేషన్ అడ్మినిస్ట్రేషన్ అని మూడు వేరు పేర్లున్నాయి. కాబట్టి కంపెనీ మనిషిని మొదట అడగాల్సింది ధర గురించి కాదు. ఈ మూడూ మీ డేటాబేస్‌లో ఏ మూడు టేబుళ్లలో ఉన్నాయో తెరిచి చూపించమనండి. చూపించగలిగితే మాట ముందుకు సాగించవచ్చు. ‘అది మేం కస్టమైజ్ చేసిస్తాం’ అన్నారంటే అది లేదని అర్థం.

అన్ని అడుగులూ సరిగ్గానే వేసినా

మూడు రికార్డులు ఉన్నంత మాత్రాన ప్రమాదం తప్పిపోతుందని అనుకోవద్దు. 2013లో అమెరికాలోని యూసీఎస్‌ఎఫ్ ఆసుపత్రిలో జరిగినది ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా వివరంగా తెలుసుకోవాల్సిన సంగతి. 16 ఏళ్ల కుర్రాడికి కో-ట్రైమాక్సజోల్, మన దగ్గర సెప్ట్రాన్ అంటామే అది, పూటకి ఒక మాత్ర ఇవ్వాలి. మాత్రలో లెక్కలోకి వచ్చే మందు 160 ఎంజీ. కుర్రాడి బరువు 38.6 కిలోలు. 40 కిలోల లోపు పిల్లలకి బరువు లెక్కన రాయాలన్నది ఆ ఆసుపత్రి నియమం కాబట్టి డోసు పక్కనున్న యూనిట్ ‘కిలోకి ఎంజీ’ మీద ఉంది. డాక్టరు 160 అని కొట్టారు, మనసులో ఉన్నది 160 ఎంజీ. సిస్టమ్ 160ని 38.6తో హెచ్చవేసింది. 6,176 ఎంజీ అయ్యింది, అంటే సుమారు ముప్పై ఎనిమిదిన్నర మాత్రలు. ఓవర్‌డోస్ అని హెచ్చరిక వచ్చింది. అలాంటివి రోజంతా వస్తూనే ఉంటాయి కాబట్టి డాక్టరు దాటేశారు, ఫార్మసిస్టూ దాటేశారు. రోబో లెక్క తప్పకుండా ప్యాక్ చేసింది. నర్సు బార్‌కోడ్ స్కాన్ చేస్తే ఆర్డరుతో సరిపోయింది. అన్ని మాత్రలూ మింగించారు. కుర్రాడికి ఫిట్స్ వచ్చాయి, అదృష్టం బాగుండి బతికాడు.

బార్‌కోడ్ స్కానర్ తన పని తప్పు చేయలేదు. ఆర్డరులో ఉన్నదీ చేతిలో ఉన్నదీ ఒకటేనా అని చూడటమే దాని పని. ఆర్డరే తప్పైతే ఆ తప్పుని అది మరింత నమ్మకంగా రోగి దాకా మోసుకుపోతుంది. అందుకే సిస్టమ్‌లో ‘హెచ్చరికలు ఉన్నాయా’ అని అడగడం చాలదు. ఏ హెచ్చరికని ఎవరూ దాటలేరో అడగాలి. నేనైతే గట్టిగా ఆపేవి మూడే పెట్టిస్తాను: రాసి ఉన్న ఎలర్జీ, గరిష్ఠ డోసుకి ఎన్నో రెట్లు దాటిన ఆర్డరు, అదే మందు రెండు పేర్లతో రెండుసార్లు నడవడం. మందుకీ మందుకీ పడనివాటిలో ప్రాణం మీదికి తెచ్చేవి మాత్రమే కనపడనిచ్చి మిగతావాటిని మూసేస్తాను. రోజుకి 200 హెచ్చరికలు చూపించే సిస్టమ్ నిజానికి ఒక్కటీ చూపించనట్టే.

ఎలర్జీ సంగతికి ఇంకో మాట కలపాలి. దాన్ని ఖాళీ పెట్టెలో ‘పెన్సిలిన్ పడదు’ అని టైపు చేసి వదిలేస్తే కంప్యూటర్‌కి అది వట్టి వాక్యం. అదే జాతి మందైన అమాక్సిసిలిన్ రాసినప్పుడు అది కిక్కురుమనదు. మందుల జాబితాలోంచి ఎంచుకున్న ఎలర్జీయే పనిచేస్తుంది. మందుల మాస్టర్‌లో బ్రాండ్ పేరు వెనక జనరిక్ పేరు కోడ్‌తో సహా ఉండాలి. మన ఫార్మసీలో ఒకే పారాసిటమాల్‌కి పది బ్రాండ్లుంటాయి. వాటన్నిటినీ ఒకే తాడుకి కట్టే పని కొన్న తర్వాత మొదలుపెడితే నెలలు పడుతుంది. జబ్బులకీ మందులకీ చాలా దేశాల్లో వాడే స్నోమెడ్ సీటీ కోడ్లు మన దేశంలో ఉచితం. వాటిని నడిపే సంస్థలో భారత్ 2014లోనే సభ్యదేశంగా చేరింది, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ పుణె సీ-డాక్‌లోని జాతీయ కేంద్రం లైసెన్సు ఇస్తుంది. ‘కోడ్లకి ఖర్చవుతుంది’ అనే మాట ఎవరన్నా అంటే నమ్మకండి. ఖర్చయ్యేది మీ జాబితాని వాటికి జతచేసే మనిషి శ్రమకి, ఆ శ్రమ ఎవరిదో ఒప్పందంలో రాసి ఉండాలి.

ఒకే సాఫ్ట్‌వేర్, రెండు ఊళ్లు

అమెరికాలోని పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో కంప్యూటర్లో ఆర్డర్లు పెట్టడం మొదలయ్యాక, వేరే ఆసుపత్రుల నుంచి తరలించి తెచ్చిన పిల్లల్లో మరణాల రేటు 2.80 శాతం నుంచి 6.57 శాతానికి పెరిగిందని 2005లో ఒక పరిశోధన అచ్చయింది. మరుసటి ఏడాది సియాటిల్ పిల్లల ఆసుపత్రి ఐసీయూ నుంచి లెక్కలొచ్చాయి. అదే కంపెనీ సాఫ్ట్‌వేర్. అక్కడ రేటు 4.22 నుంచి 3.46కి దిగింది. గణాంకాల ప్రకారం ఆ తగ్గుదల గట్టిగా చెప్పదగ్గది కాదు, కానీ పెరగలేదన్నది స్పష్టం.

తేడా ఎక్కడుంది? పిట్స్‌బర్గ్‌లో అంతకుముందు అంబులెన్స్ దారిలో ఉండగానే మందులు రాసి సిద్ధంగా ఉంచేవాళ్లు. కొత్త పద్ధతిలో బిడ్డ వచ్చి రిజిస్ట్రేషన్ అయితే తప్ప ఆర్డరు పెట్టడానికి వీల్లేకపోయింది. ఐసీయూలోనే చేతికందే మందులని అదే సమయంలో సెంట్రల్ ఫార్మసీకి మార్చారు. చేత్తో క్షణాల్లో రాసే ఆర్డరుకి పది క్లిక్కులు, ఒకటి రెండు నిమిషాలు పట్టింది. ప్రాణం మీదికొచ్చిన బిడ్డ దగ్గర ఒక డాక్టరు కంప్యూటర్‌కి అతుక్కుపోవాల్సి వచ్చింది. సియాటిల్‌లో ఐసీయూకి కావలసిన ఆర్డర్ సెట్లని (ఒక పరిస్థితికి పెట్టే ఆర్డర్లన్నీ ఒకే కట్టగా) అక్కడి సిబ్బందితో కలిసి ముందే కట్టుకున్నారు. సాఫ్ట్‌వేర్ పేరు చూసి కొనేవాళ్లు ఈ జంటని గుర్తుపెట్టుకోవాలి. ‘ఫలానా పెద్ద ఆసుపత్రిలో మాదే నడుస్తోంది’ అనే మాటకి నేను పెద్ద విలువ ఇవ్వను. అక్కడ ఆర్డర్ సెట్లు ఎవరు కట్టారు, ఎంతకాలం పట్టింది, అవి మీకు ఇస్తారా అన్న ప్రశ్నలకే విలువ.

సగం పూట పరీక్ష

డెమో అడగకండి, పరీక్ష పెట్టండి. రికార్డుల విభాగం (ఎంఆర్‌డీ) నుంచి డిశ్చార్జ్ అయిన పది కేస్ షీట్లు తీయండి, పేర్లు, ఫోన్ నంబర్లు చెరిపేయండి. మూడు మెడిసిన్, రెండు సర్జరీ, రెండు పిల్లలు, ఒక కాన్పు, ఒక ఐసీయూ, ఒక షుగర్ కేసు. కంపెనీ మనిషి పక్కన కూర్చోవాలి, మౌస్ ముట్టుకోకూడదు. కీబోర్డు ముందు మీ డ్యూటీ డాక్టరు, మీ స్టాఫ్ నర్సు. అరగంట శిక్షణ ఇచ్చి స్టాప్‌వాచ్ నొక్కండి.

పిల్లల కేసుతో మొదలుపెట్టడం మంచిది. 12 కిలోల బిడ్డకి పారాసిటమాల్ కిలోకి 15 ఎంజీ చొప్పున 180 ఎంజీ. వార్డులో 5 ఎంఎల్‌కి 125 ఎంజీ ఉన్న సిరప్ ఉంటే 7.2 ఎంఎల్ పోయాలి, 250 ఎంజీ ఉన్నదైతే 3.6 ఎంఎల్. ఈ రెండు సీసాలూ మన ఫార్మసీ అరలో పక్కపక్కనే ఉంటాయి. సిస్టమ్ నర్సుకి ఎంఎల్‌లో చెబుతుందా, ఎంజీలో చెప్పి ఊరుకుంటుందా? ఫార్మసీ ఒక సీసా బదులు రెండోది పంపితే లెక్క తనంతట మారుతుందా? బరువు రాయకుండానే ఆర్డరు పెట్టనిస్తుందా? బరువు 12 బదులు 120 అని కొడితే నోరెత్తుతుందా? ఐదు నిమిషాల్లో తేలే ప్రశ్నలివి.

షుగర్ కేసులో, షుగర్‌ని బట్టి డోసు మారే ఇన్సులిన్ స్లైడింగ్ స్కేల్ పెట్టించండి, రక్తంలో షుగర్ (జీఆర్‌బీఎస్) విలువ కొట్టగానే ఎన్ని యూనిట్లో చూపాలి. సర్జరీ కేసులో రాత్రి 12 నుంచి నోటి ద్వారా ఏమీ వద్దన్నప్పుడు నోటి మందులన్నీ ఒక్కసారే ‘హోల్డ్’లో పడి, ఆపరేషన్ తర్వాత ఒక్కసారే తిరిగి లేవాలి. ఐసీయూ నుంచి వార్డుకి మార్చినప్పుడు పాత ఆర్డర్లు ఏమవుతాయో చూడండి: కొన్ని సిస్టమ్‌లలో అన్నీ మాయమవుతాయి, కొన్నింట్లో బీపీ నిలబెట్టే ఐసీయూ మందు నోరాడ్రినలిన్ ఇన్ఫ్యూజన్ కూడా జనరల్ వార్డుకి వెంట వస్తుంది. రాత్రి ఫోన్లో ఇచ్చిన ఆర్డరుని సిస్టర్ డాక్టరు పేరు మీద పెట్టి, పొద్దున ఆయన సంతకం చేసే దారి ఉందా? లేకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. డాక్టరుగారి పాస్‌వర్డ్ నర్సింగ్ స్టేషన్ గోడ మీదకి ఎక్కుతుంది.

సేవ్ నొక్కిన క్షణంలో నెట్‌వర్క్ కేబుల్ లాగేయండి. మళ్లీ పెట్టి సేవ్ నొక్కండి. డోసు ఒకసారి ఇచ్చినట్టు నమోదైందా, రెండుసార్లా? ఇది కావాలని చేసే అల్లరి కాదు. సర్వర్‌కి యూపీఎస్ ఉంటుంది, వార్డు కారిడార్లో సీలింగ్ కింద బిగించిన 8 పోర్టుల నెట్‌వర్క్ స్విచ్ మామూలు ప్లగ్గులో ఉంటుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లలో స్విచ్ ఆరిపోతుంది, మేనేజ్డ్ స్విచ్ అయితే పూర్తిగా లేవడానికి ఇంకో నిమిషమో రెండో పడుతుంది. వేసవిలో ఇది రోజుకి ఎన్నిసార్లు జరుగుతుందో మీరే లెక్కేసుకోండి. ప్రతి స్విచ్‌కీ ఒక చిన్న యూపీఎస్ పెట్టడం సాఫ్ట్‌వేర్ ధర ముందు లెక్కలోకి రాని ఖర్చు.

ఇక కంప్యూటర్ల సంఖ్య. 30 పడకల వార్డు, రోగికి సగటున 5 మందులు. ఉదయం 10 గంటల రౌండులో 150 డోసులు. ఒక్కోదాన్ని నమోదు చేయడానికి 20 సెకన్లు పట్టిందనుకున్నా 50 నిమిషాలు. నర్సింగ్ స్టేషన్లో ఉన్నది ఒకే కంప్యూటర్, డ్యూటీలో ముగ్గురు సిస్టర్లు. ఎవరూ మంచం దగ్గర నమోదు చేయరు, చేయలేరు. చీటీ మీద రాసుకుని, మధ్యాహ్నం 2 గంటలకి జరిగే హ్యాండోవర్ ముందు ఒకరు కూర్చుని అన్నీ ఒకే ఊపులో కొట్టేస్తారు. సిస్టమ్‌లో అందరికీ 1.45కి మందు ఇచ్చినట్టు పడుతుంది. కాగితం చార్టులో ఉన్నపాటి నిజం కూడా పోతుంది. మళ్లీ ఆ తప్పు సిస్టర్ల మీదికే వస్తుంది. దానికి నేను ఒప్పుకోను. 8 నుంచి 10 పడకలకి ఒక ట్యాబో, ట్రాలీ మీద ల్యాప్‌టాపో లేకుండా మంచం దగ్గర నమోదు అడగడం న్యాయం కాదు. ఒకరి తర్వాత ఒకరు లాగిన్ కావడానికి పిన్నో కార్డో పెట్టి 5 సెకన్లలో పని అయ్యేట్టు చూడాలి. లేకపోతే పొద్దున తెరిచిన సిస్టర్ పేరు మీదే రాత్రిదాకా అన్ని డోసులూ పడతాయి.

ఓపీలో లెక్క తేలికే. రోజుకి 300 మంది, పదిమంది డాక్టర్లు, ఒక్కొక్కరికి 30 మంది. ఒక్కో రోగి దగ్గర కాగితం కన్నా 2 నిమిషాలు ఎక్కువ పడితే డాక్టరుకి రోజుకి గంట పోతుంది. ఆ గంట ఎక్కడినుంచి వస్తుందో ముందే చెప్పలేని ఆసుపత్రి ఓపీని రెండో విడతకి వాయిదా వేసుకోవడమే మేలు. 2003 మొదట్లో లాస్ ఏంజెలెస్‌లోని సీడార్స్-సైనాయ్ ఆసుపత్రి 3.4 కోట్ల డాలర్ల సిస్టమ్‌ని కొద్ది నెలలకే ఆపేసింది. డాక్టర్లు తిరగబడటమే కారణం.

లక్ష్మి గారు ఎందరు?

మందుల చార్టు ఎంత బాగున్నా అది వేరే మనిషిదైతే అంతా వృథా. మన పేర్లతో ఈ ఇబ్బంది మామూలుది కాదు. లక్ష్మి అనే ఒక్క పేరుని ఇంగ్లీషులో ‘క్ష్’ని రెండు మూడు రకాలుగా, చివరి అక్షరాన్ని ఇంకో రెండు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ఒకసారి ముందు వస్తుంది, ఒకసారి వెనక, ఒకసారి పొడి అక్షరంగా. పుట్టినరోజు తెలియనివాళ్లకి ఆధార్‌లో జనవరి 1 ఉంటుంది. ఒకే ఫోన్ నంబరు మీద అత్త, కోడలు, ముగ్గురు పిల్లలు ఉంటారు. కౌంటర్ దగ్గర క్యూ పెరిగితే వెతికే ఓపిక ఉండదు, కొత్త యూహెచ్‌ఐడీ (ఆసుపత్రి ఇచ్చే రోగి నంబరు) పుడుతుంది, పాత ఎలర్జీ పాత నంబరులోనే ఉండిపోతుంది.

కాబట్టి పేరుని ఉచ్చారణని బట్టి వెతికే సదుపాయం కావాలి. రెండు నంబర్లని కలిపే సదుపాయం కావాలి. పొరపాటున కలిపినవాటిని విడదీసే సదుపాయం అంతకన్నా ఎక్కువ కావాలి. కంపెనీలు సాధారణంగా కలపడం చూపిస్తాయి, విడదీయడం అడిగితే డేటాబేస్ టీముకి మెయిల్ పెట్టమంటాయి. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య గుర్తింపు అయిన 14 అంకెల ఆభా నంబరు ఈ చిక్కుని కొంత తగ్గిస్తుంది. అయితే అది లేని రోగికీ వైద్యం ఆగకూడదు, స్పృహ లేకుండా వచ్చినవాడికి ‘అన్‌నోన్ మేల్’ అని పెట్టి తర్వాత పేరు మార్చే దారీ ఉండాలి.

తెలుగు అచ్చు గురించి ఒక మాట. డిశ్చార్జ్ సమ్మరీలో మందులు ఎలా వాడాలో తెలుగులో ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. ఇంటికెళ్లాక ఆ కాగితం చదివేది రోగో, రోగి కూతురో. పరీక్షలో ‘రాత్రి భోజనం తర్వాత ఒకటి, నిద్రకు ముందు కళ్లలో రెండు చుక్కలు, డాక్టర్ గారి సలహా లేకుండా ఆపవద్దు’ అని కొట్టించి, స్క్రీన్ మీద చూసి సరిపెట్టుకోకుండా, కాగితం మీద అచ్చు తీయించండి. పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీకి తెలుగు అక్షరాలని కూర్చడం చేతకాకపోతే ఒత్తులు పక్కకి జారి, ‘రాత్రి’లో క్రావడి విడిపోయి పొల్లుతో కనపడుతుంది. డేటాబేస్ యూనికోడ్‌లో లేకపోతే వరసగా ప్రశ్నార్థకాలే వస్తాయి. ఎస్సెమ్మెస్ తెలుగులో పంపితే ఒక సందేశానికి 160 బదులు 70 అక్షరాలే పడతాయి, ఖర్చు రెండు మూడింతలు అవుతుంది. బడ్జెట్‌లో ఆ లెక్క ముందే వేసుకోండి, టెంప్లేట్లని టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థ డీఎల్‌టీలో తెలుగులోనే నమోదు చేయించండి.

ఎక్కడినుంచి తెచ్చుకోవాలి

ప్రభుత్వ ఆసుపత్రులకి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ చేసిన ఈ-హాస్పిటల్, సీ-డాక్ ఈ-సుశ్రుత్ ఉన్నాయి. ఓపెన్ సోర్స్‌లో మన దేశానికి దగ్గరైనది బాహ్మ్ని. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి అవసరాల కోసం మొదలైంది. రోగి రికార్డుకి ఓపెన్‌ఎంఆర్‌ఎస్, ల్యాబుకి ఓపెన్‌ఎలిస్, స్టాకు, బిల్లులకి ఓడూ, ఈ మూడిటినీ కలిపి కట్టారు. లైసెన్సు డబ్బు లేదు. కానీ మూడు సాఫ్ట్‌వేర్లని కలిపి నడిపే మనిషి జీతం ఉంది. లైనక్స్, డేటాబేస్ తెలిసినవారు ఒకరైనా నెలంతా అందుబాటులో ఉండరనుకుంటే దాని జోలికి వెళ్లొద్దు. ఉచితం ఎప్పటికీ ఉచితంగానే ఉంటుందనీ అనుకోవద్దు. ల్యాబు మిషన్లనీ సాఫ్ట్‌వేర్లనీ కలపడానికి ఎన్నో ఆసుపత్రులు వాడిన మిర్త్ కనెక్ట్ 2025లో 4.6 వెర్షన్ నుంచి వాణిజ్య లైసెన్సు కిందకి వెళ్లిపోయింది.

సొంతంగా రాయించుకోవడం గురించి చాలామంది అడుగుతారు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఐస్మార్ట్ పేరుతో తమ ఈఎంఆర్‌ని తామే తయారుచేసుకుని 2010 నుంచి వాడుతోంది. అది సాధ్యమైంది కదా అంటారు. అక్కడ వైద్యం ఒకటే విభాగం, డాక్టర్లు ప్రోగ్రామర్ల పక్కన కూర్చునే ఏర్పాటుంది, ఏళ్లతరబడి నిలిచిన జట్టుంది. 15 విభాగాలున్న 100 పడకల ఆసుపత్రి ఇద్దరు కుర్రాళ్లని పెట్టుకుని ఆ పని చేయబోతే, ఆ ఇద్దరూ ఉద్యోగం మారిన రోజున అంతా ఆగుతుంది.

కేంద్ర ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య పథకం ఏబీడీఎం సర్టిఫికెట్ ఉందని చెప్పే కంపెనీని ఏ మైలురాయి దాకా వచ్చారో అడగండి. ఎం1 అంటే ఆభా నంబరు తయారీ, సరిచూసుకోవడం. ఎం2 అంటే రోగి రికార్డుని బయటికి ఇవ్వగలగడం. ఎం3 అంటే బయటి రికార్డుని రోగి అనుమతితో తెచ్చుకోగలగడం. ఎం2 దాటిన సిస్టమ్ కూడా డిశ్చార్జ్ సమ్మరీని పీడీఎఫ్‌గా చుట్టి పంపించవచ్చు. ఈ సర్టిఫికెట్ అవసరమే, కానీ వార్డులో మందుల చార్టు ఎలా ఉందో అది చెప్పదు. అలాగే ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ కేసుల కాగితాలు ముందస్తు అనుమతికి (ప్రీఆథ్) ఒకసారి, క్లెయిముకి ఒకసారి పోర్టల్‌లోకి ఎక్కించాలి. ఒక రోగి రిపోర్టులన్నీ ఒకే బటన్‌తో వరసగా పీడీఎఫ్‌లుగా దిగుతాయా అన్నది ఆ డెస్కు దగ్గర పనిచేసేవాళ్లకి రోజుకి గంటలు మిగిల్చే సంగతి.

పెద్ద పేరు చూసి ధైర్యపడేవాళ్లకి అమెరికాలోని స్పోకేన్ నగరం గురించి చెప్పాలి. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులు 1970ల చివరినుంచి సొంతంగా పెంచుకున్న విస్టా అనే సిస్టమ్‌ని వదిలి, 2018లో సెర్నర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీతో వెయ్యి కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాయి. 2020 అక్టోబరులో స్పోకేన్ ఆసుపత్రిలో మొదలైంది. చేరాల్సిన చోటు సరిగ్గా పడని ఆర్డర్లు, రిఫరల్సూ స్కానులూ లాంటివి, ఎవరూ చూడని ఒక క్యూలోకి వెళ్లిపోయాయి. రాసిన డాక్టరుకి కబురు లేదు. అలాంటివి 11,000కి పైగా తేలాయనీ, 149 మందికి హాని జరిగిందనీ 2022 జూలైలో ఆ ఆసుపత్రుల్ని నడిపే శాఖ తనిఖీ అధికారి (ఇన్‌స్పెక్టర్ జనరల్) నివేదిక చెప్పింది. మన వంద పడకల ఆసుపత్రిలోనూ ఇదే ప్రశ్న: దారి తప్పిన ఆర్డరు ఎక్కడ ఆగుతుంది, దాన్ని ఎవరు, రోజుకి ఎన్నిసార్లు చూస్తారు? ల్యాబు ఎనలైజర్ నుంచి వచ్చిన పొటాషియం విలువకి బార్‌కోడ్ జతపడకపోతే ఏ స్క్రీన్లో పడుతుంది? పరీక్ష రోజున తప్పు బార్‌కోడ్ అంటించిన ట్యూబు ఒకటి కావాలనే పెట్టి చూడండి.

ఆగిపోయిన రోజు, వదిలేసే రోజు

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు డేటాకి తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ బారిన పడ్డాయి. 5 సర్వర్లు, సుమారు 1.3 టీబీ డేటా లాక్ అయిందని, నెట్‌వర్క్‌ని సరిగ్గా విభాగించకపోవడం కారణమని ప్రభుత్వం పార్లమెంటుకి చెప్పింది. దెబ్బ తగలని బ్యాకప్ సర్వర్ ఒకటి ఉండబట్టి ఈ-హాస్పిటల్ డేటా తిరిగొచ్చింది. అయినా రిజిస్ట్రేషన్, అడ్మిషన్, డిశ్చార్జ్ లాంటివి చాలావరకు కోలుకోవడానికి రెండు వారాలు పట్టింది, అన్నాళ్లూ కాగితం మీదే నడిచింది.

నిజానికి కాపాడుకోవాల్సిన రాత రికార్డు చిన్నదే. 300 ఓపీలు, ఒక్కోదానికి 50 కేబీ చొప్పున వేసుకున్నా రోజుకి 15 ఎంబీ, ఏడాదికి ఐదున్నర జీబీ. చోటు తినేది సీటీ స్కానులు: 512 బై 512 స్లైసు ఒకటి అర ఎంబీ, 400 స్లైసులకి 200 ఎంబీ, రోజుకి 15 స్కానులైతే 3 జీబీ, ఏడాదికి టీబీ దాటుతుంది. రెండిటినీ ఒకే డిస్కులో పెట్టి, ‘బ్యాకప్ చాలా టైము తీసుకుంటోంది’ అని ఆపేయడం తరచుగా జరిగే పొరపాటు. స్కాన్ బొమ్మలు దాచే పాక్స్ నిల్వని వేరుగా ఉంచి, ఈఎంఆర్ డేటాబేస్‌ని గంటకోసారి వేరే మిషన్‌కి, రాత్రికోసారి ఆసుపత్రి బయటికి, వారానికోసారి ఏ కేబులూ లేకుండా బీరువాలోకి వెళ్లే డిస్కుకి తీయండి. మూడు నెలలకోసారి ఖాళీ కంప్యూటర్ మీద ఆ బ్యాకప్ నుంచి సిస్టమ్‌ని లేపి, నిన్నటి రోగి మందుల చార్టు తెరిచి చూడాలి. తెరుచుకోని బ్యాకప్ లేనట్టే లెక్క. దాడి జరిగితే 6 గంటల్లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పాలని, లాగ్‌లు 180 రోజులు ఉంచాలని 2022 ఏప్రిల్ ఆదేశాలున్నాయి. 2023 డేటా రక్షణ చట్టంలో భద్రత గాలికొదిలేస్తే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. సెర్ట్-ఇన్‌కి కబురు ఎవరు చేస్తారో పేరు రాసి పెట్టుకోండి.

నైట్ డ్యూటీకి ఇంకోటి కావాలి. ప్రతి 2 గంటలకి వార్డులో ఉన్న రోగులందరి మందుల చార్టు పీడీఎఫ్‌గా నర్సింగ్ స్టేషన్ కంప్యూటర్లో తనంతట తాను దిగాలి, ఆ కంప్యూటర్‌కి యూపీఎస్, ప్రింటరు ఉండాలి. సర్వర్ పడితే ఆ ప్రింటు తీసుకుని పెన్నుతో కొనసాగిస్తారు. ఇది లేని సిస్టమ్‌ని ఇన్‌పేషెంట్ వార్డులో పెట్టొద్దు.

ఇక ఒప్పందం. రోగో, రోగి తరఫువాళ్లో అడిగితే 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని, ఇన్‌పేషెంట్ రికార్డు మూడేళ్లు ఉంచాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. ఆ బాధ్యత వైద్యులది, సాఫ్ట్‌వేర్ కంపెనీది కాదు. కంపెనీతో తెగిపోయినా రికార్డు చేతిలో ఉండాలి. అందుకని ఎక్స్‌పోర్టు గురించి రాసేటప్పుడు ‘డేటా ఇస్తాం’ అనే మాటతో తృప్తిపడకండి. ప్రతి టేబులూ, ఏ గడిలో ఏముందో చెప్పే పట్టిక, స్కాన్ చేసిన కాగితాలు యూహెచ్‌ఐడీ పేరు మీద ఫోల్డర్లుగా, రాసింది ఎవరు, దిద్దింది ఎవరు అనే ఆడిట్ చరిత్ర, ఎన్ని రోజుల్లో, ఎంత ఖర్చుకి, ఇవన్నీ అంకెల్లో ఉండాలి. ఒక్కో ల్యాబు మిషన్ కలపడానికి ధర ఎంతో ఇప్పుడే రాయించుకోండి. సంతకం తర్వాత అడిగితే ఆ రేటు వేరేగా ఉంటుంది. ఏటా కట్టే నిర్వహణ రుసుము (ఏఎంసీ) శాతం ఏ మొత్తం మీద లెక్కిస్తారో కూడా చూసుకోండి.

మొదలుపెట్టేటప్పుడు ఒక వార్డుతో మొదలుపెట్టండి, నెలాఖరున వద్దు, డెంగీ సీజన్లో అసలు వద్దు. మొదటి రెండు వారాలు కంపెనీ మనిషి రాత్రి షిఫ్టులో వార్డులోనే ఉండాలని ఒప్పందంలో రాయండి. కాగితం చార్టు, కంప్యూటర్ చార్టు రెండూ నడిపితే సిస్టర్లకి పని రెట్టింపవుతుంది, రెండింట్లో ఏది నిజమో తెలియని ప్రమాదం దానికి తోడు. అందుకే ఆ జోడు నడకకి 7 రోజులు మించి ఇవ్వకండి. ఎనిమిదో రోజు ఉదయం 8 గంటల షిఫ్టు నుంచి ఆ వార్డులో కాగితం చార్టు పుస్తకాలు తీసేయండి. చివరి 20 శాతం డబ్బు మాత్రం మూడు పనులు అయ్యేదాకా చేతిలోనే ఉంచుకోండి: బ్యాకప్ నుంచి సిస్టమ్ లేవాలి, పూర్తి ఎక్స్‌పోర్టు మీ చేతికి రావాలి, మొదట్లో చెప్పిన సెఫ్ట్రియాక్సోన్ ఆర్డరు నాలుగు వయల్స్ వెనక్కి వెళ్లి బిల్లు తగ్గేదాకా మీ నైట్ డ్యూటీ సిస్టర్ చేతుల మీదుగా, ఎవరి సాయం లేకుండా నడవాలి.